యిర్మీయా 29:11 వాగ్దానమే, కానీ అది ఉన్న ఉత్తరం మొత్తం చదవండి

సహోదరికి ప్రభువు నామంలో వందనాలు.

మీరు రాసిన సంగతిని ముందు నా మాటల్లో చెప్పనివ్వండి. మీ భర్తగారు కువైట్‌లో పదకొండేళ్ళు డ్రైవరుగా పనిచేసి, ఉద్యోగం పోయి రెండేళ్ళ క్రితం ఇంటికి వచ్చేశారు. ఆ డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మీరు కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసిన వాగ్దానపు కార్డు మీద యిర్మీయా 29:11, అంటే మీ పట్ల నా ఉద్దేశములు హానికరమైనవి కావు అన్న వచనం, ఉంది. తరువాత కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు మీ ఇద్దరి తలల మీద చేతులుంచి, ఏడాది తిరిగేలోగా వీసా వస్తుందనీ, అదే మీ పట్ల దేవుని ప్రణాళిక అనీ చెప్పారు. ఆ మాట పట్టుకుని మీరు ఊళ్ళో దొరికిన పాల వ్యాను పనిని వద్దన్నారు, గోడల వరకు లేచిన ఇంటిని ఆపేశారు, అమ్మాయికి వచ్చిన సంబంధాన్ని వీసా వచ్చాక చూద్దామని పక్కన పెట్టారు. ఏడాది తిరిగింది, రెండోది కూడా తిరగబోతోంది. లోపం మా విశ్వాసంలో ఉందా, లేక దేవుని ప్రణాళిక అన్నదే మాటవరసకు చెప్పుకునేదా అని మీరు అడుగుతున్నారు. ఈసారి కార్డు తీయాలంటే భయమేస్తోందని కూడా రాశారు.

సంఘ పరిచర్యలో ముప్పై ఆరేళ్ళు గడిపినవాడిగా నా సమాధానం ముందే చెబుతాను. లోపం మీ విశ్వాసంలో లేదు, వాక్యంలో అంతకన్నా లేదు. ఒక పెద్ద ఉత్తరంలో నుంచి ఒక్క వాక్యాన్ని కత్తిరించి మీ చేతిలో పెట్టారు, ఆ ఉత్తరంలో ఎక్కడా లేని ఒక గడువును దానికి అతికించారు. ఆ గడువు తప్పింది. మీరు నమ్మిన మాట తప్పలేదు.

ఆ ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో చూద్దాం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, రాజైన యెకొన్యాను, అతని తల్లిని, అధికారులను, కంసాలులను, ఇతర పనివారిని చెరపట్టి తీసుకుపోయాడు. మందిరం ఇంకా నిలిచే ఉంది, సింహాసనం మీద సిద్కియా కూర్చున్నాడు. కాబట్టి బబులోనులో ఉన్నవారికి, ఊళ్ళో మిగిలినవారికి ఒకటే ఆశ: ఇదంతా త్వరలోనే సర్దుకుంటుంది, మూటలు విప్పకుండా ఉంటే చాలు, రేపో మాపో తిరుగు ప్రయాణం. ఆ స్థితిలో బబులోనులో ఉన్నవారికి యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి ఒక ఉత్తరం పంపాడు. సిద్కియా రాజు పని మీద బబులోనుకు వెళుతున్న షాఫాను కుమారుడైన ఎల్యాశా, హిల్కీయా కుమారుడైన గెమర్యా దాన్ని తీసుకువెళ్ళారు. అంటే మన కార్డు మీది వాక్యం మొదట ఒక రాయబారుల సంచిలో వెళ్ళిన ఉత్తరంలోని ఒక పంక్తి.

ఆ ఉత్తరం వాగ్దానంతో మొదలు కాలేదు, పనులు చెప్పడంతో మొదలైంది. 'ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి, తోటలు నాటి వాటి ఫలములను అనుభవించుడి' అన్నది ఐదో వచనం. పెండ్లిండ్లు చేసుకోండి, మీ కుమారులకు, కుమార్తెలకు పెండ్లిండ్లు చేయండి, అక్కడ తగ్గిపోక వృద్ధి పొందండి అన్నది ఆరో వచనం. మిమ్మల్ని చెరపట్టిన పట్టణపు క్షేమం కోరి దాని కోసం ప్రార్థన చేయండి అన్నది ఏడో వచనం. చెరపట్టినవాడి ఊరి కోసం ప్రార్థన చేయమనడం ఎంత కష్టమైన మాటో మీరే ఆలోచించండి. ఆ తరువాత, మీ మధ్య ఉన్న ప్రవక్తల చేత, సోదెగాండ్ర చేత మోసపోకండి అని హెచ్చరిక. బబులోనుకు డెబ్బై సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానన్నది పదో వచనం. ఇదంతా అయ్యాకే పదకొండో వచనం వస్తుంది: 'నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.'

ఈ వచనానికి ముందున్న వచనం డెబ్బై ఏళ్ళు అంటోందని గమనించండి. మనం క్యాలెండర్ల మీద, పెళ్ళి శుభలేఖల మీద, ఆటోల వెనక అద్దాల మీద రాసుకునే ఈ వాక్యాన్ని మొదట విన్న ముప్పై ఏళ్ళ మనిషికి అది చెప్పిన అర్థం ఇది: నీవు కోరుకుంటున్నది నీ జీవితకాలంలో జరగకపోవచ్చు, అయినా నా ఉద్దేశం హాని కాదు. 597లో వెళ్ళినవారు తిరిగి వెళ్ళవచ్చని పారసీక రాజు కోరెషు 538లో ఇచ్చిన ఆజ్ఞ వినడానికి 59 ఏళ్ళు బతికి ఉండాలి. ఎంతమంది ఉంటారు? దేవుడు ఓదార్పుగా చెప్పిన మాటే అది, కానీ తొందర లేని ఓదార్పు.

ఇక్కడ మన తెలుగు బైబిలు మనకు చేసిన మేలు ఒకటి ఉంది. కొన్ని భాషల్లో ఒకరిని ఉద్దేశించినా పదిమందిని ఉద్దేశించినా ఒకే మాట వాడతారు కాబట్టి, ఈ వచనం తన ఒక్కడి ఉద్యోగం గురించే చెప్పినట్టు చదువుకోవడం వారికి తేలిక. మన అనువాదంలో దేవుడు ఒక్క మనిషితో మాట్లాడినప్పుడు 'నీవు' అంటాడు. ఇదే గ్రంథం మొదటి అధ్యాయంలో యిర్మీయాతో 'నిన్ను' అనే మాట్లాడాడు. ఇక్కడ మాత్రం 'మిమ్మును' అన్నాడు, అది గౌరవం కోసం అన్న మాట కాదు. ఆ వాగ్దానం ఒక సమూహానికి ఇచ్చినది. మీరు ఆ సమూహంలో లేరని నేను అనడం లేదు. క్రీస్తులో మనం ఆ దేవుని ప్రజల్లో చేర్చబడినవాళ్ళమే, కాబట్టి ఆయన ఉద్దేశం మనకూ హానికరం కాదు. అయితే కువైట్ వీసా అన్న సంగతిని ఆ వచనంలోకి మనమే తీసుకువచ్చాము.

ఇంకో రెండు మాటల గురించి కూడా చెప్పాలి. మన ప్రసంగాల్లో ఈ మధ్య 'ప్రణాళిక' అన్న మాట బాగా వాడుతున్నాం. ఆ మాట వినగానే నా తరంవాళ్ళకు పంచవర్ష ప్రణాళికలు గుర్తొస్తాయి: ఇన్ని సంవత్సరాలు, ఇంత లక్ష్యం, ఇంత ఖర్చు. మన పాత అనువాదంలో ఉన్నది 'ఉద్దేశములు' అన్న మాట. ఉద్దేశం మనసులో ఉండేది, పట్టికలో ఉండేది కాదు. బిడ్డ పట్ల తల్లి ఉద్దేశం ఏమిటో బిడ్డకు తెలుసు, రేపు తల్లి ఏమి వండుతుందో తెలియకపోయినా సరే. రెండో మాట 'నిరీక్షణ'. బయట ఈ మాటకు ఎదురుచూపు అనే అర్థం, మన క్రైస్తవ తెలుగులో మాత్రం దాన్ని ఆశకు బదులుగా వాడతాం. ఆశకు అంతు లేదని మనవాళ్ళు అంటారు, ఆశలో అత్యాశ కూడా కలిసిపోతుంది. నిరీక్షణలో ఎదురుచూడక తప్పదన్న సంగతి మాటలోనే ఉంది. ఈ వచనంలోని హెబ్రీ మాట తిక్వా. యెరికోలో ఇశ్రాయేలు వేగులవారిని దాచిన రాహాబు, తన ఇంటివారి ప్రాణాలు కాపాడడానికి గుర్తుగా కిటికీకి కట్టిన తొగరుదారం (ఎర్రటి దారం) గురించి చెప్పేటప్పుడు దారానికి కూడా అదే మాట వాడారు. ఆమెకు రక్షణ ఏ రోజు వస్తుందో తెలియదు, దారం మాత్రం కిటికీకి కట్టే ఉంచింది.

ఇప్పుడు మీ ఇంట్లో జరిగిన దానికి అచ్చంగా సరిపోయే సంగతికి వస్తాను. ఈ ఉత్తరానికి ముందు అధ్యాయంలో గిబియోనువాడైన హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. సిద్కియా ఏలుబడి నాలుగో సంవత్సరం ఐదో నెలలో, మందిరంలో, యాజకులందరి ఎదుట అతను ప్రకటించాడు: రెండు సంవత్సరాలలోగా మందిరపు ఉపకరణాలు, చెరపట్టబడిన యెకొన్యా, అందరూ తిరిగి వస్తారు. దానికి యిర్మీయా ఏమన్నాడో తెలుసా? ముందు 'ఆమేన్' అన్నాడు. యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందని కొందరు చెబుతారు గానీ నాకు అలా అనిపించదు. అది తన జనం బాగుపడాలని కోరుకునేవాడి ఆమేన్. ఆ తరువాతే, సమాధానం ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతన్ని యెహోవా పంపాడని తెలుస్తుంది అన్నాడు. బబులోనుకు లోబడాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా తీసి విరగగొట్టాడు. యిర్మీయా మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. రెండేళ్ళు గడువు ఇచ్చిన హనన్యా అదే సంవత్సరం ఏడో నెలలో, అంటే రెండు నెలలకే, చనిపోయాడు.

మీకు గడువు చెప్పిన ప్రసంగీకుణ్ణి నేను హనన్యా అనడం లేదు, ఆయన మనసు నాకు తెలియదు. మీరు మాత్రం ఆ మాటకు 'ఆమేన్' అన్నందుకు సిగ్గుపడనక్కరలేదు. యిర్మీయా కూడా అన్నాడు. ఆమేన్ అనడం వేరు, ఆ మాట మీద ఆధారపడి పాల వ్యాను పని వదులుకోవడం వేరు. మీకు సరైన ఆలోచన చెప్పవలసిన సంఘ పెద్దలు చెప్పలేదు, ఆ బాధ్యతలో నాలాంటివాళ్ళకూ భాగముంది.

ఎందుకంటే ఆ పొరపాటు నేనూ చేశాను. పరిచర్యకు వచ్చిన కొత్తలో, నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, సంఘంలో ఒక యౌవన దంపతుల మూడేళ్ళ బాబుకు జబ్బు చేసింది. ఆసుపత్రి వరండాలో ఇదే వచనం చదివి, ఈ బిడ్డ బతుకుతాడని దేవుడు చెబుతున్నాడని ప్రకటించాను. చదివింది దేవుని మాటే, ప్రకటించింది నా కోరిక. నాలుగో రోజు ఆ బాబు పోయాడు. భూస్థాపన అయ్యాక రెండు నెలల పాటు ఆ తండ్రి గుడికి రాలేదు. నేను వాళ్ళింటికి వెళితే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, చాలాసేపటికి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "అయ్యగారూ, ఆ మాట దేవుడు చెప్పాడా, మీరు చెప్పారా?" నేనే చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన తల ఊపి, "అయితే సరే, వచ్చే ఆదివారం వస్తాను" అన్నాడు. నిజంగానే వచ్చాడు. ఆయన దేవుణ్ణి నమ్మడం మళ్ళీ మొదలుపెట్టింది నా మాటను దేవుని మాట నుంచి వేరుచేసి చూసిన రోజునే. మీరూ ఇప్పుడు అదే పని చేయాలి, కాబట్టే ఈ సంగతి రాశాను.

రోమా పత్రిక 8:28 గురించి కూడా మీరు రాశారు. దేవుని ప్రేమించువారికి మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవని పౌలు రాశాడు. దాన్ని మనవాళ్ళు 'అంతా మన మంచికే' అన్న లోకోక్తిగా మార్చేశారు. జరిగిన ప్రతిదీ మంచిదని పౌలు అనలేదు. అదే అధ్యాయంలో శ్రమ, బాధ, కరవు, వస్త్రహీనత, ఖడ్గం అని పేర్లు పెట్టి చెప్పాడు, వాటిని మంచివనలేదు. అవన్నీ కలిసి కూడా దేవుని ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేవన్నాడు. అంతకు నాలుగు వచనాల ముందు, కనబడుతున్నదాని కోసం ఎవరూ నిరీక్షించరని కూడా రాశాడు. ఇంకో పొరపాటు దీనికన్నా లోతుగా ఉంది. మనలో చాలామంది 'దేవుని చిత్తం' అన్న మాటను 'తలరాత' అన్న గొంతుతో పలుకుతారు: రాసిపెట్టి ఉంది, మనం చేసేదేముంది అని. తలరాతతో ఎవరూ వాదించలేరు, తలరాతకు చెవులు లేవు. యిర్మీయా వాదించాడు. తాను పుట్టిన దినాన్ని శపించుకున్నాడు, దేవుణ్ణి నమ్మలేని నీళ్ళతో పోల్చాడు, దుష్టులు ఎందుకు వర్ధిల్లుతున్నారని అడిగాడు. ఆ మాటలన్నీ బైబిలులో అలాగే ఉంచారు. కాబట్టి మీరు రాత్రిళ్ళు ఏడుస్తూ, దేవుణ్ణి నిలదీస్తున్నానని రాసినదాన్ని అవిశ్వాసం కింద లెక్కించకండి. వినేవాడు ఉన్నాడని నమ్మినవారే నిలదీస్తారు.

ఎదురుచూపు ఎలా ఉంటుందో చెప్పడానికి మన నేల మీది సంగతి ఒకటి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. నెల్లూరులో అమెరికా బాప్టిస్టుల మిషను 1840లో మొదలై, ఫలితం లేదని 1853లో మూసేయబోయే స్థితికి వచ్చింది. ఆ సంవత్సరం అమెరికాలోని ఆల్బనీలో జరిగిన వారి సభలో, పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న ఈ మిషనును ఉంచాలా వద్దా అని చర్చ జరిగింది. చివరకు ఉంచారు, లోన్ స్టార్ (ఒంటరి నక్షత్రం) అన్న పేరు అలా నిలిచింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషను సేవకుడైన లైమన్ జ్యూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలులోని కొండ ఎక్కి ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు. వాళ్ళు అడిగిన సేవకుడిగా వచ్చిన మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ మీది ప్రార్థనకు, ఆ రోజుకు మధ్య 24 సంవత్సరాలు.

ఈ కథ ప్రసంగాల్లో చెప్పేటప్పుడు ఆ సంఖ్య దగ్గర చప్పట్లు కొట్టిస్తారు. నాకు మాత్రం ఆ సంఖ్యకు ముందున్న రెండేళ్ళే ముఖ్యం. 1876 నుంచి 78 వరకు ఘోరమైన కరవు, లక్షల మంది చనిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని ఒప్పందానికి తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించాడు. సహాయం కోసం బాప్తిస్మం తీసుకుంటున్నారన్న మాట రాకూడదని, ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ కరవును దేవుడే ఈ కోత కోసం పంపాడని కొందరు బోధిస్తారు, నేను ఆ మాట అనను, అనకూడదు కూడా. చచ్చిపోయిన పసిపిల్లలను లెక్కలో ఒక మెట్టుగా చేసే ప్రణాళికను లేఖనాలు నాకు చూపించలేదు. కరవులో ఆ విశ్వాసులు ఏమి చేశారంటే కాలువ తవ్వారు. కూలి డబ్బులతో గింజలు కొనుక్కున్నారు. దేవుని మీద నమ్మకముంచినవారి ఎదురుచూపు అలా పలుగు, పార పట్టుకుని ఉంటుంది.

కాబట్టి మీ విషయంలో నేను చెప్పగలిగింది ఇది. పాల వ్యాను పని ఇంకా ఖాళీగా ఉంటే మీ భర్తగారు రేపే వెళ్ళి అడగాలి. అది పోయి ఉంటే అలాంటిదే ఇంకొకటి వెతకాలి. ఊళ్ళో పని ఒప్పుకుంటే విదేశం మీద నమ్మకం వదులుకున్నట్టవుతుందని ఆయన భయపడుతున్నట్టు మీ మాటల్లో తోచింది. బబులోనులో తోట నాటినవాడు యెరూషలేమును మరచిపోలేదు. అలాగే చెరపట్టబడి వెళ్ళిన దానియేలు ఆ రాజుల కొలువులో పనిచేస్తూనే యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ప్రార్థించాడు, యిర్మీయా రాసిన డెబ్బై ఏళ్ళ లెక్కను గ్రంథాల్లో చదివి గ్రహించాడు. వీసా ప్రయత్నం చేయవచ్చు, తప్పు లేదు. అయితే ఏజెంటుకు మళ్ళీ అప్పు తెచ్చి అడ్వాన్సు ఇవ్వవద్దు. ఇల్లు ఒకేసారి పూర్తి చేయాలనుకోకుండా, ఒక గదికి రేకులు వేసుకుని అందులోకి మారండి. అద్దె మిగులుతుంది.

అమ్మాయి సంబంధం గురించి మరింత జాగ్రత్తగా చెబుతాను. ఉత్తరంలో కుమార్తెలకు పెండ్లి చేయమని ఉంది కాబట్టి వెంటనే చేయండి అని నేనంటే, ఆ ప్రసంగీకుడు చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. ముందు అమ్మాయిని అడగండి. అబ్బాయి ఆమెకు నచ్చాడా, చదువు ముగించుకోవాలని ఉందా అన్నది ఆమే చెప్పాలి. నచ్చిందంటే వీసా కోసం ఆపవద్దు. అవతలివాళ్ళు కట్నం మాట ఎత్తితే, దాని కోసం వీసా మీద ఆశ పెట్టుకుని అప్పు చేయడం కన్నా ఆ సంబంధం వదులుకోవడమే మేలు.

యిర్మీయా గురించి ఇంకొక్క సంగతి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, తాను బందీగృహపు ప్రాకారంలో ఉండగా, తన పినతండ్రి కుమారుడైన హనమేలు దగ్గర అనాతోతులోని పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. సాక్షుల చేత సంతకాలు చేయించి, క్రయపత్రాన్ని మంటికుండలో పెట్టించాడు, చాలా దినాలు ఉండడానికి. సంతకాలన్నీ అయిపోయాక ప్రార్థనలో, పట్టణం శత్రువు చేతికి పోతోంది కదా ప్రభువా, పొలం కొనమన్నావేమిటి అని అడిగాడు. ముందు కొన్నాడు, తరువాత అడిగాడు. ఆ పొలంలో అతను ఒక్క గింజ కూడా కోసుకోలేదు. చివరకు తన జనమే అతన్ని ఐగుప్తుకు లాక్కుపోయారు, తిరిగి వచ్చినట్టు లేఖనాల్లో లేదు. తాను రాసిన వాగ్దానం నెరవేరడం అతను చూడలేదు. వాగ్దానాల ఫలం అనుభవించకపోయినా దూరం నుంచి చూసి వందనం చేసినవారి గురించి హెబ్రీ పత్రిక చెప్పే మాట అలాంటివారికే సరిపోతుంది.

ఇక డిసెంబరు 31 సంగతి. కార్డు తీయండి, భయపడకండి. లాటరీ చీటీ తీసినట్టు కాకుండా, ఏ వచనం వచ్చినా ఆ రాత్రి ఇంటికి వెళ్ళి అది ఉన్న అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి దాకా మీ ముగ్గురూ కూర్చుని చదవండి. అది ఎవరితో చెప్పినది, దానికి ముందు ఏముందో, తరువాత ఏముందో చూసుకోండి. పాత కార్డును పారేయవద్దు. దాని వెనక ఐదు, ఆరు, ఏడు, పది వచనాలు మీ చేతిరాతతో రాసి గోడకు పెట్టుకోండి. ఇప్పుడైతే ఈ ఆదివారం లోపు మీ భర్తగారిని వ్యాను యజమాని దగ్గరకు పంపండి, అమ్మాయితో మీరొక్కరే తీరిగ్గా కూర్చుని మాట్లాడండి. ఏమైందో మళ్ళీ రాయండి, జవాబు ఇస్తాను.